చెవి మేస్త్రి చేసే పని

హాస్టలు, మేడ మీద చివరి గది
జూన్ 4

పిన్నీ,

నేను క్షేమం, నువ్వు క్షేమమని తలచడం వగైరా అంతా నువ్వే ఊహించుకో. ఇవాళ నాకు ఓపిక లేదు, ఒళ్లు మండిపోతోంది.

మా ఫ్యాక్టరీలో ఇన్నాళ్లూ వాష్‌బేసిన్లనీ కమోడ్లనీ కొలిచేవాళ్లు. ఇప్పుడు మమ్మల్ని కొలుస్తారట. కొత్త మేనేజరు బయటి సంస్థ ఒకదాన్ని పిలిపించాడు. ప్రతి పనికీ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక గ్రేడు వేస్తారు. గ్రేడుని బట్టి జీతం. ఎవరు ఏ బల్ల దగ్గర ఉండాలో, ఎవర్ని ఎటు నెట్టేయొచ్చో కూడా దాన్ని బట్టే.

నిన్న ఆ సంస్థ తెల్లచొక్కా ఒకడు గడియారం పట్టుకుని షెడ్డులో నిలబడ్డాడు. చూడాలి మావాళ్ల వేషాలు! గ్లేజు పూత కొట్టే అక్క రోజూ ముప్పై బేసిన్లకే నడుం పట్టుకునే మనిషి, నిన్న నలభై రెండు లాగించింది. లోడింగు డప్పు (సొంత డప్పు కొట్టుకుంటాడని అందరం అలాగే పిలుస్తాం, వాడూ పలుకుతాడు) ఒక్కడే కమోడుని భుజం మీద పెట్టుకుని పరిగెత్తాడు. నువ్వు పంపిన అట్ట చిరిగిన పుస్తకంలో ఉంది కదా, ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే చాలు, మనుషుల పని మారిపోతుందని. ఊరుకోలేకపోయాను.

"సార్, మీరు కొలుస్తున్నది మా పని కాదు. మీరు పక్కన నిలబడితే మేం ఆడే నాటకం" అన్నాను.

అతను గడియారం ఆపాడు. "ఏం చదివావమ్మా?"

"పదో తరగతి. ఆ తర్వాత మీరు చదివిన పుస్తకాలే, కాకపోతే పాతవి."

ఉద్యోగం ఊడిందనుకున్నాను. పిలిచి ఒక కట్ట ఫారాలు చేతిలో పెట్టారు. రాయడం అలవాటు లేనివాళ్లు అరవై ముగ్గురున్నారు, వాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చేసే పని ఏమిటో నేను నింపాలి. సరిగ్గా నింపితే సిబ్బంది ఆఫీసులో ఖాళీ ఉందని మేనేజరు ఒక మాట వదిలాడు. ఫ్యాను కింద కుర్చీ, పిన్నీ.

మీ ఆఫీసులో చేసేదీ ఇలాంటి లెక్కలే కదా. ఎలా నింపాలో చెప్పు. ఫోన్ చెయ్యకు. ఫోన్లో నేను అరుస్తానంటావు. కాగితం మీదైతే అరవడానికి కూడా తీరిగ్గా కూర్చోవాలి.

నీ కందిరీగ

*

ఆఫీసు క్వార్టర్సు
జూన్ 11

ఒసేయ్ కందిరీగా,

గడియారం పట్టుకున్నవాణ్ణి కుట్టి మరీ పని సంపాదించావంటే నువ్వు నా అక్క కూతురివే. నాకంటే ఏడేళ్లే చిన్నదానివి కాబట్టి పెద్దరికం చేయను గానీ, రెండు ముక్కలు విను.

ఆ ఫారం కొలిచేది మనిషిని కాదు, పనిని. డప్పు మంచివాడా, సోమరా అన్నది నీకు అనవసరం. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నా వాళ్లకి ఏం తెలిసి ఉండాలి, ఎన్నాళ్లకి వస్తుంది, పొరపాటు జరిగితే ఏమవుతుంది, అంతవరకే. ఇక నువ్వు భయపడినట్టే జనం తమ పనిని పొంగించి చెబుతారు. నువ్వు దాన్ని తగ్గించి రాస్తే అన్యాయం, నీ తెలివితేటలు కలిపి రాస్తే అంతకంటే అన్యాయం. వాళ్ల నోటి మాటని వాళ్ల నోటి మాటగానే రాయి. నువ్వు కలం మాత్రమే అనుకో.

ఇక్కడ ఊపిరి సలపడం లేదు. ఈ మధ్యే నన్ను పర్మనెంటు చేశారు కదా, దాని ఫలితం. బల్ల మీద ఫారాల కట్టలు నా ఎత్తు ఉన్నాయి. మిగతా సంగతులు తర్వాత.

వేళకి తిను. ఎవరితోనూ పోట్లాడకు. (రెండోది నీ వల్ల కాదు. మొదటిదైనా చెయ్యి.)

పిన్ని

*

హాస్టలు
జూన్ 27

పిన్నీ,

అరవై మూడూ పూర్తయ్యాయి. వేలికి కాయ కాసింది.

డప్పుని "నువ్వేం పని చేస్తావు?" అని అడిగితే నడుం మీద చెయ్యి వేసుకుని, "రాయి. నేను లేకపోతే ఇక్కడ లారీ కదలదు. లారీ కదలకపోతే దేశంలో ఒక్కడు ప్రశాంతంగా కూర్చోలేడు" అన్నాడు. నోటి మాట నోటి మాటగానే రాయమన్నావుగా, రాసేశాను. వాడి ఫారానికి రెండు అదనపు కాగితాలు పిన్ను గుచ్చాల్సి వచ్చింది.

గేటు తాత తిరకాసు మనిషి. "ఏముంది, గేటు తీస్తా, వేస్తా" అన్నాడు. నేను వదిలితేగా! లారీ బరువు చక్రం చూసి చెబుతాడు కదా, అది ఎలా? బయటి డ్రైవరు మందు కొట్టి వస్తే ఏం చేస్తాడు? నిప్పు అంటుకుంటే ముందు ఏ తాళం తీస్తాడు? తొమ్మిది ప్రశ్నలు లాగాను. చివరికి ఆయనే, "ఇంత పని చేస్తున్నానా నేను!" అని కాసేపు స్టూలు మీద కూలబడ్డాడు.

చెవి మేస్త్రిదీ అయిపోయింది.

ఆయన గురించి ఎప్పుడూ చెబుతూనే ఉంటానుగా. బట్టీలోంచి వచ్చిన ప్రతి బేసిన్‌నీ చెక్క సుత్తితో అంచు మీద ఒకటి, అడుగున ఒకటి, మెడ దగ్గర ఒకటి తడతాడు. బాగున్నది గంటలా మోగుతుంది, పగిలింది డబ్బాలా పలుకుతుంది, ఆ మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉండే శబ్దాలు ఉన్నాయి చూడు, అవే ఆయన బతుకు. వేడి తగ్గని సరుకు అబద్ధం చెబుతుందని వెనక్కి పంపేస్తాడు. మూడు బేసిన్లు వరసగా ఒకే వంకరతో మోగితే సుత్తి పక్కన పెట్టి బట్టీ దాకా నడుచుకుంటూ వెళ్తాడు. "ఎడమ వైపు తొందరగా చల్లారుతోంది, తలుపు చూడండి" అంటాడు. చూస్తే అక్కడ సందు ఉంటుంది. ఏడాదిగా పని దిగాక ఆయన బల్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నాను. ఇంకా సగం సగమే.

సరే, అది వదిలెయ్. మేనేజరు నా రాత బాగుందన్నాడు. ఆఫీసు కుర్చీ నాకేనని టైంకీపరు అందరితో చెబుతున్నాడు.

నీ కందిరీగ

*

హాస్టలు
ఆగస్టు 9

పిన్నీ,

గ్రేడులు గోడకి అంటించారు. ఆ గోడని గునపంతో పొడవాలని ఉంది.

డప్పుకి అయిదు. గేటు తాతకి నాలుగు. చెవి మేస్త్రికి రెండు! రెండంటే తెలుసా? "శిక్షణ అవసరం లేని పని, ఎవరితోనైనా చేయించవచ్చు." ఇరవై ఆరేళ్లు ఆ బల్ల దగ్గర ఉన్న మనిషిని ప్యాకింగుకి మార్చారు, అట్టపెట్టెలు మడవడానికి. తట్టే పని ఇప్పుడు వంతులవారీగా, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లది. నిన్న టైంకీపరు తట్టాడు. తలుపు తట్టినట్టు తట్టాడు.

ఇదంతా నీకు చెబుతున్నది తిట్టడానికి మాత్రమే కాదు. ఆయన పెట్టెలు మడుస్తూ మడుస్తూ ఊరుకోలేక, ముందుకి వచ్చిన బేసిన్‌ని గోటితో మీటి పక్కన పెట్టేస్తున్నాడు. ప్యాకింగు సూపర్‌వైజరు, "ఏరడం మీ పని కాదు, మడవండి" అన్నాడు. ఈయన వినలేదు. మాట వినడం లేదని ఒక మెమో ఇచ్చారు. సోమవారం రెండోది. మూడోది వస్తే ఇంటికే. ఆయన చేతికి ఆ కాగితం వస్తే మడిచి జేబులో పెట్టుకుంటాడు, నా ముందు కూడా నోరు విప్పడు.

ఇదా నీ శాస్త్రం? మనిషిని కాదు, పనిని కొలుస్తారా? పనిని కొలిచే ముఖాలేనా అవి? ఏ గదిలో, ఏ ఫ్యాను కింద కూర్చున్న మహానుభావుడు ఆ రెండు వేశాడో తెలిస్తే వాడి చెవి పట్టుకుని ఇక్కడికి ఈడ్చుకొస్తాను.

నీ కందిరీగ

*

ఆఫీసు క్వార్టర్సు
ఆగస్టు 16

కందిరీగా,

నీ కోపం నాకు అర్థమైంది. అయినా ఒక్కసారి అవతలి వైపు నుంచి చూడు. గ్రేడు వేసేవాళ్లు మీ షెడ్డు చూడరు, మేస్త్రి ముఖం చూడరు. చూడకూడదు కూడా. ఒక మంచి మాటకి మురిసి మిగతా మార్కులన్నీ వేసేయడం, తెలిసినవాళ్లని ఎక్కించడం, ఇవన్నీ జరగకూడదనే ఆ పద్ధతి. వాళ్ల ముందుండేది కాగితం ఒక్కటే. "సుత్తితో తట్టడం, వినడం. అంతే" అని ఉండి, నేర్చుకోవడానికి పట్టే కాలం ఖాళీగా, పొరపాటు జరిగితే నష్టం ఖాళీగా వదిలేసిన కాగితానికి ఎవరు మాత్రం రెండు కంటే ఎక్కువ ఎలా వేస్తారు?

పునఃపరిశీలనకి ముప్పై రోజుల గడువు ఉంటుంది. మేస్త్రి గారి చేత అర్జీ పెట్టించు.

ఆరోగ్యం జాగ్రత్త.

పిన్ని

*

ఆగస్టు 20

పిన్ని గారికి,

నేను పంపే ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకుంటానని మీకు తెలుసు. మూడుసార్లు తిరగేశాను. ఆ ఫారంలో ఏ మాటలు ఉన్నాయో, ఏ గడులు ఖాళీగా ఉన్నాయో నేను మీకు ఎక్కడా రాయలేదు.

మీకు ఎలా తెలుసు?

ఇట్లు
మీ అక్క కూతురు

*

ఆఫీసు క్వార్టర్సు
ఆగస్టు 25

ఒసేయ్,

"గారు" అని రాశావు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. తిట్టినా ఇంత తగిలేది కాదు.

ఆ రెండు వేసింది నేనే.

మీ ఫ్యాక్టరీ పని మా సంస్థకే వచ్చిందని నీ మొదటి ఉత్తరం అందేనాటికే నాకు తెలుసు. బంధువులున్న చోటి ఫారాలు ముట్టుకోకూడదని మా నిబంధన. పై ఆఫీసరుతో చెప్పాలి. పర్మనెంటు అయి రెండు నెలలు కూడా కాలేదు, అప్పుడే సాకులు చెబుతోందనుకుంటారని నోరు మూసుకున్నాను. పేర్లు ఉండవు కదా, ఎవరి ఫారమో ఎలా తెలుస్తుందిలే అనుకున్నాను. కట్ట విప్పగానే నీ "ళ" తోక కనిపించింది. పలక మీద నీ చేత ఆ అక్షరం దిద్దించింది నేనే కదా, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు అసలు సంగతి. ఫారం మరీ పలచగా ఉంటే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఇంకో అయిదు ప్రశ్నలు అడగాలి. మిగతా కట్టల్లో అలాంటివి పదకొండు వస్తే పదకొండింటికీ చేశాను. దీనికి ఫోన్ ఎత్తాను. అవతల నిన్నే పిలుస్తారని గుర్తొచ్చి పెట్టేశాను. నీ రాత కాబట్టే మళ్లీ అడిగి గ్రేడు పెంచుదామనిపిస్తోందేమో, ఇదే పక్షపాతమేమో అని నా మీద నాకే భయం వేసింది. ఆ భయంతో బిగబట్టి రెండు వేశాను. వేశాక నిజాయితీగా ఉన్నానని గర్వపడ్డాను కూడా. మనవాళ్లని ఎక్కించడమే పక్షపాతం అనుకున్నాను. ఎవరి మీదా చూపనంత కాఠిన్యం నీ చేతిరాత మీద చూపడం కూడా అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

నా చెవి పట్టుకుని ఈడ్చుకొస్తానన్నావు. వస్తాను. కానీ నువ్వూ ఒకటి చెప్పాలి. గేటు తాతని తొమ్మిది ప్రశ్నలు అడిగినదానివి. ఏడాది ఆయన పక్కన కూర్చుని, నాకు ఒక పేజీ నిండా ఆయన పని వర్ణించినదానివి. మేస్త్రిని ఎన్ని అడిగావు?

పిన్ని

*

హాస్టలు
ఆగస్టు 29

పిన్నీ,

ఒకటి.

ఆ రోజు పొద్దున ఆయన ఆరు బేసిన్లు వరసగా పెట్టి నన్ను తట్టమన్నాడు. నాలుగు తప్పు చెప్పాను. పరువు పోతోందని పుస్తకంలో చదివిన మాటలు ఎత్తుకున్నాను. శబ్దాల మధ్య తేడా పట్టే సామర్థ్యం అందరిలో ఒకేలా ఉండదనీ, దానికి పరీక్షలుంటాయనీ. ఆయన నవ్వి, షెడ్డంతా వింటుండగా, "నీకు నోరు వచ్చిందమ్మా, చెవి రాలేదు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. డప్పుగాడైతే కింద కూర్చుని మరీ నవ్వాడు.

భోజనాల తర్వాత ఆయన వంతు. "మీరు చేసే పనేంటి?" అన్నాను. "ఏముందమ్మా. తట్టడం, వినడం. అంతే" అన్నాడు. ఎవరినడిగినా మనవాళ్లు అలాగే అంటారు కదా, పదిమందికి వండి పెట్టినావిడ కూడా ఏముంది, వండేశాను అంటుంది. అది మొహమాటమని నాకు తెలుసు. ఆ మాట వెనకాల ఎంతుందో షెడ్డులో అందరికంటే నాకే తెలుసు. అయినా కలం ఆపలేదు. వాళ్ల నోటి మాటగానే రాయమన్నావు కదా అనుకున్నాను. నీ మాట అడ్డం పెట్టుకున్నాను. "అంతే" అని రాసి, చుక్క గట్టిగా నొక్కి పెట్టాను. మిగతా గడులు అడగనే లేదు. ఆయన వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు.

రెండు నెలలుగా ఊళ్లోవాళ్లందరినీ తిడుతున్నాను కదా. ఇదీ నా సంగతి.

అర్జీ పెట్టించాను. వచ్చే నెల పన్నెండున విచారణ. ఫారం నింపిన మనిషిగా నన్ను పిలుస్తారు. ఆయన ఆ మాటలు అనలేదని చెప్పేస్తే ఒక్క నిమిషంలో గ్రేడు మారిపోతుంది, నా కుర్చీ నాకుంటుంది. ఏం చెయ్యను?

నీ కందిరీగ

*

ఆఫీసు క్వార్టర్సు
సెప్టెంబరు 3

కందిరీగా,

ఏం చెయ్యాలో నేను చెప్పను. మొన్నొకసారి చెప్పింది చాలు.

ఏం జరుగుతుందో మాత్రం చెబుతాను. ఆయన అనలేదంటే, అబద్ధానికి ఒప్పుకున్నవాడు ఆయనవుతాడు, ఎందుకంటే ఆ మాటల కింద ఉన్నది ఆయన వేలిముద్ర. కోపంతో సగం వదిలేశానని నువ్వు చెబితే, నువ్వు నింపిన అరవై మూడూ అనుమానం కిందికి వస్తాయి. అన్నీ రద్దు చేస్తారు. అంటే డప్పు అయిదూ పోతుంది, గేటు తాత నాలుగూ పోతుంది. వాళ్లు నిన్ను క్షమిస్తారని అనుకోకు.

నిన్న మా పై ఆఫీసరు ముందు నా సంగతంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. చదివి కళ్లద్దాలు తీసి, "ఈ ముక్క జూన్‌లో చెబితే ఒక్క నిమిషం పని కదమ్మా" అన్నాడు. గ్రేడింగులోంచి తప్పించారు. తపాలా విభాగంలో కవర్లు అంటిస్తున్నాను. ఈ ఉత్తరం నేనే అంటించి, నేనే ముద్ర కొట్టాను.

పిన్ని

*

హాస్టలు
అక్టోబరు 6

పిన్నీ,

ఇన్నాళ్లు రాయలేదు. రాయాలని కూర్చుంటే కాగితం ఖాళీగానే మిగిలేది.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. తెల్లచొక్కా, మీ ఆఫీసు నుంచి ఒకావిడ, మేనేజరు ఒక వైపు. మేస్త్రి గోడ పక్క కుర్చీలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఆయన్ని ఇస్త్రీ చొక్కాలో ఎప్పుడూ చూడలేదు.

"ఈ మాటలు ఈయన అన్నవేనా?" అన్నాడు మేనేజరు.

"అన్నవే."

"మరి ఫారంలో తప్పేముంది?"

"ఆయన చేసే పని అది కాదని నాకు తెలుసు. తెలిసీ ఇంకో ప్రశ్న అడగలేదు. పొద్దున నన్ను నలుగురిలో వెటకారం చేశాడని కోపం. కసితో రాశాను."

తెల్లచొక్కా పెన్ను కింద పెట్టాడు. "ఎవరి మీదైనా ఇష్టంతో ఎక్కువ కూడా రాసి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు. గేటు తాతంటే నాకు ఇష్టం."

ఇదంతా మేస్త్రి వింటున్నాడు. నేను ముందుగా ఆయనతో విడిగా చెప్పి ఉండాల్సింది. వారం రోజులు ప్రయత్నించాను, నోరు పెగల్లేదు. నాకు, నోరు పెగల్లేదు!

నువ్వు చెప్పినట్టే జరిగింది. అరవై మూడూ రద్దు. అందరూ పాత జీతాలకి, పాత బల్లలకి. కొత్త ఫారాలు వచ్చేదాకా మేస్త్రి తన బల్ల దగ్గరే. మెమోలు రెండూ వెనక్కి తీసుకున్నారు. ఆఫీసు కుర్చీ టైంకీపరు చెల్లెలికి ఇచ్చారు. హాస్టల్లో స్నానానికి నా వంతు వస్తే బకెట్టు అడ్డం పెడుతున్నారు. గ్లేజు అక్క, "నీ నిజం నీకు బాగానే ఉంది, మా మూడు నెలల ఆశ సంగతేంటే?" అంది. ఆవిడ ఒక్కర్తే ముఖం మీద అడిగింది, అదే నయం.

బయటికి వస్తుంటే మేస్త్రి మెట్ల మీద ఆగాడు.

"మేస్త్రి గారూ, తప్పయిపోయింది."

"ఆ రోజే తెలుసు" అన్నాడు. "చుక్క పెట్టేటప్పుడు కలం నొక్కావు, చప్పుడు వినపడింది. కోపం దిగాక దిద్దుతావులే అనుకున్నా. బల్ల మారేటప్పుడూ అదే అనుకున్నా. మొదటి మెమో వచ్చినప్పుడు కూడా."

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిజం చెప్పి నా బల్ల నాకు ఇప్పించావు. సంతోషం. రేపటి నుంచి పని దిగాక నా దగ్గరికి రాకమ్మా."

వెళ్లిపోయాడు. కోపంగా కూడా అనలేదు, పిన్నీ.

నిన్న కొత్త ఫారాలు వచ్చాయి. ఈసారి ఎవరిచేత రాయించుకోవాలో వాళ్లే ఎంచుకోవచ్చు. మేస్త్రి డప్పుని ఎంచుకున్నాడు! డప్పుకి రెండు వాక్యాలు తిన్నగా రాయడం రాదు. రాసిన ప్రతిదీ మూడింతలు చేస్తాడు. నా వల్ల అయిదో గ్రేడు పోగొట్టుకున్నవాడు, అయినా ఆయన పిలవగానే మూతి తుడుచుకుని వెళ్లాడు.

ఇవాళ భోజనాల బెల్లు కొట్టింది మొదలు మళ్లీ కొట్టేదాకా ఇద్దరూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు. డప్పు ఏదో అడగడం, తల గోక్కోవడం, రాయడం. మేస్త్రి అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఒక చేత్తో బేసిన్ అంచు చూపిస్తున్నాడు, లేచి బట్టీ వైపు నాలుగడుగులు వేసి మళ్లీ వస్తున్నాడు, రెండు చేతులూ విప్పి ఎంతో పెద్దది చూపించి, వేళ్లు దగ్గరికి తెచ్చి ఎంతో చిన్నది చూపిస్తున్నాడు. ఏడాదిలో నాతో కూడా అంత మాట్లాడలేదు.

నేను షెడ్డుకి ఈ చివర, ఎండబెట్టే ఫ్యాన్ల కింద నిలబడి చూశాను. ఆ హోరులో నాకు ఒక్క ముక్క వినపడలేదు.

నీ కందిరీగ